నల్ల మొహం మీద తెల్ల మూతి: బ్లాక్‌సాడ్ ప్రాజెక్టు డైరీ

బ్లాక్‌సాడ్ అనే కామిక్ పుస్తకాల వరసలో బొమ్మలు బాగుంటాయని చెప్పడానికి సమీక్ష అక్కర్లేదు, ఏ పేజీ తెరిచినా తెలిసిపోతుంది. ఆ బొమ్మలు కథలో ఏ పని చేస్తున్నాయి, ఎలా చేస్తున్నాయి, ఎక్కడ చేయలేకపోతున్నాయి అన్నది తేల్చాలి. అందుకే చదివి అభిప్రాయం రాసేయకుండా పుస్తకాన్ని విప్పి చూసే పని పెట్టుకున్నాం. ముందు పేజీల కూర్పు, తర్వాత తలల నిర్మాణం, తర్వాత నీటిరంగులు, చివరికి బుడగల్లో మాట. ప్రతి దశలోనూ చేత్తో గీసి, రంగు వేసి, ఎక్కడ చెడిందో రాసుకుంటూ వచ్చాం. ఆ రాతలే ఇవి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. జాన్ బ్లాక్‌సాడ్ 1950ల అమెరికాలో ప్రైవేటు డిటెక్టివ్. నల్ల పిల్లి, మూతి మాత్రం తెలుపు. కథ హువాన్ దియాస్ కనాలేస్‌ది, బొమ్మలు హువాన్‌హో గ్వార్నిదోవి. ఇద్దరూ స్పెయిన్‌వాళ్లే, పరిచయమైంది మాడ్రిడ్‌లోని ఒక యానిమేషన్ స్టూడియోలో. మొదటి పుస్తకం మాత్రం 2000 నవంబరులో ముందుగా ఫ్రెంచిలో, దార్గో ప్రచురణగా వచ్చింది. గ్వార్నిదో అప్పటికి పారిస్ పక్కన మాంత్రోయ్‌లోని డిస్నీ స్టూడియోలో పనిచేస్తున్నాడు. 1999 నాటి టార్జాన్‌లో సేబర్ అనే ఆడ చిరుతను కదిలించిన ముఖ్య యానిమేటర్ ఆయనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, రెండో విడతలో అవసరమవుతుంది.

విడత 1: పేజీలన్నీ అరచేతిలోకి

మొదటి ఆల్బమ్‌తో (ఈ వరసలో ఒక్కో పుస్తకాన్ని ఆల్బమ్ అంటారు) మొదలుపెట్టాం. పేజీ దాదాపు 24 × 32 సెంటీమీటర్లు, అంటే 3:4. దాన్ని ఎ4 కాగితం మీద అచ్చు తీసుకుంటే 21 × 28కి దిగిపోతుంది, విస్తీర్ణంలో పాతిక శాతం దాకా గల్లంతు. మొదట పోయేవి బొచ్చు మీది సన్నగీతలు, వెనక గోడల్లోని రంగు తేడాలు. ఫోన్‌లో ఇంకా ఘోరం. కాబట్టి ఈ పని అసలు పుస్తకం ముందు పెట్టుకునే చేయాలి.

3:4 కాబట్టి ఒక్కో పేజీకి 6 × 8 సెంటీమీటర్ల చిన్న గడి గీశాం. ఎ3 షీటులో అడ్డంగా 4, నిలువుగా 4, మధ్యలో సెంటీమీటరు ఖాళీ. షీటుకు 16 పేజీలు. 48 పేజీల ఆల్బమ్ 3 షీట్లలో సరిపోయింది. ఒక్కటే నియమం: మూడే ఛాయలు. వెలుగుకు కాగితం, మధ్య ఛాయకు 2బి పెన్సిల్, చీకటికి 8బి. పేజీకి 4 నిమిషాలు మించకూడదు. గీతలతో ఆకారాలు గీయకూడదు.

ఆ చివరి నియమం మొదటి 5 పేజీలు చెడ్డాకే పెట్టుకున్నాం. ఆకారం గీతతో గీస్తే కన్ను బొమ్మ వైపు పోతుంది, వెలుగునీడల లెక్క తప్పుతుంది. కళ్లు సగం మూసి చూస్తే ఏది ఏ ఛాయో తేలుతుంది. ఫోటో తీసి నలుపుతెలుపులోకి మార్చే దగ్గరిదారి కూడా ప్రయత్నించాం, అదీ మోసమే. ఫోన్ కెమెరా తనంతట తానే చీకట్లను పైకి లేపుతుంది, గ్వార్నిదో కష్టపడి కలిపేసిన రెండు నీడలు విడివిడిగా కనిపిస్తాయి. ఫోటోయే తీయాలంటే హెచ్‌డీఆర్ ఆపేసి, ఎక్స్‌పోజర్‌ను చేత్తో తగ్గించుకోవాలి.

మూడు షీట్లూ గోడకు అంటించి రెండు మీటర్ల దూరంలో నిలబడితే మొదటి సంగతి బయటపడింది. నువార్ (చీకటి నేరకథల తీరు) అనగానే మనకు తట్టేది చిక్కటి నలుపు, ఎర్రటి దీపం. ఈ పేజీలు అలా లేవు. ఎక్కువ భాగం మధ్య ఛాయే. అసలైన నలుపు కొంచెం, అసలైన తెలుపు ఇంకా కొంచెం. ఆ కొంచెం తెలుపు ఎక్కడ పడుతుందో చూడండి: దీపం మీద, కిటికీ మీద, చొక్కా కాలరు మీద, బ్లాక్‌సాడ్ మూతి మీద. మనిషి నల్లపిల్లి, వెనక రాత్రి. అయినా రెండు మీటర్ల దూరం నుంచి ప్రతి ప్యానెల్లో, అంటే పేజీలోని ఒక్కో బొమ్మ గడిలో, అతనెక్కడున్నాడో వేలు పెట్టి చూపించవచ్చు. ఆ తెల్ల మూతి అందం కోసం పెట్టింది కాదు. చీకటి పేజీలో చదువరి కన్ను దారి తప్పకుండా పాతిన మైలురాయి.

విడత 2: తల, మెడ, కాలరు

ట్రేసింగ్ కాగితం వేసి పైగీతలు దించితే ఏమీ అర్థం కాదు. లోపలి పుర్రె గీసి, దాని మీద కండ, ఆ పైన బొచ్చు వేస్తేనే గ్వార్నిదో ఏం మార్చాడో ఏం ఉంచేశాడో తెలుస్తుంది. ఒక్కో జంతువుకూ మూడు బొమ్మలు వేశాం: ఎడమ చివర అసలు జంతువు, కుడి చివర మనిషి, మధ్యలో పాత్ర. పాత్ర ఎటువైపు ఎంత జరిగిందో ఆ మూడింటి వరసలోనే కనిపిస్తుంది.

పిల్లితో సుఖం. కళ్లు రెండూ ముందుకు చూస్తాయి, మూతి పొట్టి. మనిషి చూపు, మనిషి కోపం పెద్ద మార్పులు లేకుండానే అమరిపోతాయి. మొదటి కథలో బాక్సర్ జేక్ ఓస్టియోంబ్ గొరిల్లా కాబట్టి అక్కడ మార్చాల్సింది ఇంకా తక్కువ. కష్టమంతా కళ్లు పక్కలకు ఉండే జీవాలతో. అదే కథలోని ధనవంతుడు ఐవో స్టాటోక్ కప్ప. కప్పను ఎదురుగా గీస్తే కళ్లు రెండూ చెరో అంచుకూ పోయి మొహం మధ్యలో ఖాళీ మిగులుతుంది, హావభావం నిలవడానికి చోటుండదు. మా మొదటి 6 ప్రయత్నాలూ ఇలాగే చెడ్డాయి. తలను ముప్పాతిక కోణానికి తిప్పి, గడ్డం కొంచెం కిందికి దించి, దగ్గరి కన్ను ఒక్కదానికే పై రెప్ప బరువుగా వేస్తే అప్పుడు వచ్చింది ఆ నిదానం, ఆ నిర్లక్ష్యం. మూడో ఆల్బమ్‌లో అణుశాస్త్రవేత్త ఒట్టో లీబర్ గుడ్లగూబ కావడం కూడా ఈ కోణంలోంచి చూడాలి. పక్షుల్లో ముఖాముఖి చూసే కళ్లు గుడ్లగూబవే. మనసులో దాచుకున్నది కళ్లలో కనబడాల్సిన పాత్రకు ఇంకో పక్షి అయితే పని ఇంత తేలిగ్గా జరిగేది కాదు.

ఇక్కడ తరచూ జరిగే తప్పులు మూడు.

మనిషి కనుబొమలు తెచ్చి పిల్లి మొహం మీద అతికించడం. అతికించగానే అది ముసుగు వేసుకున్న మనిషైపోతుంది. కనుబొమ గీత అసలు వద్దు. కంటిపైన ఎముక గట్టునే ఒక ముడతలా ముందుకు తోసి, అక్కడ బొచ్చు దిశ మార్చాలి.

మాట్లాడేటప్పుడు కింది పెదవి ఒక్కటే కదిలించడం. పిల్లికి మీసాలు మొలిచే ఆ రెండు మెత్తలు ఉన్నాయే, మాట అక్కడ పుట్టాలి. పళ్లు కనిపించాలంటే మెత్తలు పైకి లేవాలి, వాటితోపాటు ముక్కు పక్కన ముడత పడాలి. మెత్తలు కదలకుండా నోరు తెరిస్తే బొమ్మ చెక్కబొమ్మ.

మూడోది మెడ. జంతువు తల మనిషి భుజాల మీద ఎక్కడ కలుస్తుందో గీయబోతే ఎప్పుడూ అసహ్యంగానే వస్తుంది, ఎందుకంటే జంతువు మెడ పుర్రెకు వెనకనుంచి కలుస్తుంది, మన మెడ కిందనుంచి. గ్వార్నిదో ఈ చిక్కును బట్టలతో తీర్చాడు. కాలరు, టై, నిలబెట్టిన కోటు అంచు. 1950ల మగవాళ్ల దుస్తులు నువార్ వాతావరణానికి ఎంత ముఖ్యమో ఈ అతుకు దాచడానికీ అంతే ముఖ్యం. కోటు తీసేసిన సన్నివేశాల్లో ఛాతీ మీద బొచ్చును భుజం దాకా ఒకే ప్రవాహంగా దించుతాడు, అతుకు ఎక్కడా ఆగదు.

పై పనంతా యానిమేషన్‌లో చేయి తిరిగినవాడి పని. చిరుతను నాలుగు కాళ్ల మీద పరిగెత్తించినవాడికి పిల్లి బరువు భుజంలో ఎక్కడ పడుతుందో తెలుసు. బ్లాక్‌సాడ్ కుర్చీలో కూలబడ్డా, గోడకు ఆనుకున్నా బరువు నేలకు దిగుతుంది. మా బొమ్మల్లో ఎక్కువ భాగం గాల్లో తేలాయి. దిద్దడానికి దారి ఒకటే: తల తర్వాత, ముందు తుంటి. బరువు ఏ కాలి మీదుందో తేల్చి, తుంటి వాలు గీసి, దానికి ఎదురువాలుగా భుజాలు పెట్టాకే తల.

విడత 3: జాతి చెప్పే కథ, జాతి కట్టేసే కథ

ఈ విడతలో బొమ్మల్లేవు. పాత్రల పేర్లు నిలువుగా రాసి, ప్రతిదానికీ రెండు ప్రశ్నలు వేశాం. ఈ జంతువు కావడం వల్ల రచయితకు ఎన్ని మాటలు మిగిలాయి? ఈ జంతువు కావడం వల్ల పాత్ర ఏం పోగొట్టుకుంది?

మొదటి ప్రశ్నకు జవాబులు దండిగా ఉన్నాయి. పోలీస్ కమిషనర్ స్మిర్నోవ్ జర్మన్ షెపర్డ్. ఉద్యోగానికి విశ్వాసం, మెడకు గొలుసు, రెండూ ఒక్క తలతో తెలిసిపోతాయి. మూడో ఆల్బమ్‌లో కమ్యూనిస్టుల వేటకు బయల్దేరిన సెనేటర్, పేరు గాల్లో, కోడిపుంజు. మాట అక్కర్లేదు, మెడ నిక్కించిన తీరు చాలు. 46 పేజీల చుట్టుపక్కల కథ ముగించాల్సిన ఫ్రెంచ్ ఆల్బమ్ పద్ధతిలో ఇది చిన్న లాభం కాదు. పాత్ర పరిచయానికి పోవాల్సిన పేజీలు వాతావరణానికి మిగులుతాయి.

తెలుగు చదువరికి ఈ ఒడుపు పరాయిది కాదు. చిన్నయసూరి నీతిచంద్రిక చదివినవాళ్లకు కరటక దమనకులు నక్కలని తెలియగానే వాళ్ల బుద్ధి సగం తెలిసిపోతుంది. తేడా ఎక్కడంటే నీతికథలో నక్క శరీరంతో పనిలేదు, మాటే పాత్ర. ఇక్కడ శరీరమే పాత్ర.

రెండో ప్రశ్న దగ్గరే మొదటి ఆల్బమ్ తడబడింది. కప్ప, బల్లి, ఎలుక. చల్లటి రక్తమున్నవాళ్లూ, బురదలో బతికేవాళ్లూ చెడ్డవాళ్లు. స్టాటోక్ కనిపించగానే హత్య వెనక ఎవరున్నారో చదువరికి అర్థమైపోతుంది, డిటెక్టివ్‌కు ఇంకా చాలా పేజీలు పడుతుంది. ఈ కథ రహస్యం దగ్గర బలహీనం. నిలబెట్టింది బొమ్మ, హత్యకు గురైన పాత ప్రియురాలు నతాలియా మీద బ్లాక్‌సాడ్‌కు మిగిలిన ప్రేమ, చివర్లో చట్టం చేయలేని పనిని అతను తన చేత్తో చేయడం, దాన్ని కమిషనర్ చూసీ చూడనట్టు దాటేయడం.

2003లో వచ్చిన ఆర్కిటిక్ నేషన్ ఈ లోపాన్ని సూటిగా పట్టుకుంది, మా లెక్కలో వరస మొత్తంలో గట్టి ఆల్బమ్ అదే. అక్కడ తెల్లజాతి దురహంకారుల ముఠాలో ధ్రువపు ఎలుగుబంటి ఉంది, మంచునక్క ఉంది. జాతులు వేరు, కలిపేది బొచ్చు రంగు ఒక్కటే. పేదపేటలో ఉరికి వేలాడుతున్న శవంతో కథ మొదలవుతుంది. ఎదుటి పక్షాన నల్ల బొచ్చువాళ్ల ముఠా ఉంది. మధ్యలో నిలబడ్డవాడికి ఒళ్లంతా నలుపు, మూతి తెలుపు. మొదటి ఆల్బమ్‌లో కన్నుకు దారి చూపించిన ఆ మచ్చ ఇక్కడ నువ్వు ఎవరివాడివి అనే ప్రశ్న అయి కూర్చుంది. బొమ్మలో ముందే ఉన్నదాన్ని కథ తర్వాత తెలుసుకుని వాడుకోవడం ఇంత శుభ్రంగా జరగడం అరుదు.

ఇంకో లోపం వరస అంతా కొనసాగింది, అది చెప్పకుండా ఈ విడత ముగించలేం. మగ పాత్రలు జంతువు వైపు ఎక్కువగా జరుగుతాయి, ఆడ పాత్రలు మనిషి వైపు. మూడు బొమ్మల వరసలో పెట్టి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది: మూతి పొట్టి అయిపోతుంది, జుట్టు మనిషి జుట్టు, ఒళ్లు పూర్తిగా సినిమా నటిది. అందంగా గీశాడు, సందేహం లేదు. కానీ గొరిల్లా మొహానికీ గుడ్లగూబ మొహానికీ ఇచ్చిన వైవిధ్యం ఈ మొహాలకు ఇవ్వలేదు. జాతి వల్ల వచ్చే కథాలాభం వీళ్ల దగ్గర సగానికి పడిపోతుంది.

విడత 4: నీటిరంగు

పుస్తకంలోని ప్యానెల్‌నే దించకుండా సొంత దృశ్యం పెట్టుకున్నాం: రాత్రి, ఆఫీసు గది, కిటికీకి అడ్డపట్టీల తెర, బల్ల మీద దీపం, పక్కగా నల్లపిల్లి మొహం. కొలత 18 × 12 సెంటీమీటర్లు. కాపీ చేస్తే కన్ను రంగును అనుకరిస్తుంది, వరస నేర్చుకోదు. మనకు కావాల్సింది వరస.

కాగితం 300 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు. ముందు గరుకు ఎక్కువున్న కోల్డ్ ప్రెస్ మీద వేశాం. కలం గీత గరుకు మీద తెగిపోయింది, మీసాలు చుక్కలయ్యాయి. నున్నటి హాట్ ప్రెస్‌కు మారాక గీత నిలిచింది, కానీ వాష్, అంటే పలచటి రంగుపూత, త్వరగా జారిపోయి అంచులు గట్టిపడ్డాయి. సన్నటి గరుకున్న కోల్డ్ ప్రెస్ దగ్గర రాజీపడ్డాం. కాగితం 6 నిమిషాలు నీళ్లలో నానబెట్టి, చెక్కబల్ల మీద పరిచి, నాలుగు వైపులా జిగురు టేపు అంటించి రాత్రంతా వదిలేయాలి. ఈ పని ఎగ్గొడితే రెండో పూతకే కాగితం గుంటలు పడి రంగు గుంటల్లో చేరుతుంది.

సిరా నీటికి చెదరనిదై ఉండాలి. సీసా మీద రాసినంత మాత్రాన నమ్మకూడదు. అదే కాగితం ముక్క మీద గీసి, 12 గంటలు ఆరనిచ్చి, తడి కుంచెతో 10 సార్లు రుద్ది చూడాలి. మేం ఒక గంటకే రుద్దాం, తెల్ల మూతి బూడిదరంగుకు తిరిగింది. తెలుపే ఆధారమైన బొమ్మలో ఇక ఆ కాగితం పనికిరాదు.

రంగులు ఐదే: యెల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమ), అల్ట్రామెరైన్, ఫ్తాలో బ్లూ (రెండూ నీలాలు), అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు). ట్యూబులోని నలుపు పక్కన పెట్టేశాం. నల్లపిల్లికి నల్లరంగు వేయడమే ఈ పనిలో పెద్ద తప్పు. బ్లాక్‌సాడ్ బొచ్చు దీపం దగ్గర గోధుమకు, వెన్నెల్లో నీలానికి ఎలా తిరుగుతుందో పుస్తకంలో చూడండి. ట్యూబు నలుపుకు ఆ తిరుగుడు లేదు, కాగితానికి చిల్లు పడినట్టు ఉంటుంది. అల్ట్రామెరైన్ రెండు పాళ్లు, బర్న్ట్ సియెన్నా ఒక పాలు కలిపితే చల్లటి చీకటి. పాళ్లు తిరగేస్తే వెచ్చటి చీకటి. ఒకే మొహం మీద కిటికీ వైపు మొదటిది, దీపం వైపు రెండోది.

వరస ఇలా నడిచింది. మొదట ఓకర్‌ను టీ నీళ్లంత పలచగా చేసి, మూతి, దీపం, కాలరు వదిలేసి, ప్యానెల్ అంతటా ఒకే పూత. గది మొత్తానికి ఒకే గాలి ఇచ్చేది ఇదే. దీన్ని మానేస్తే చివర్లో నీడలు, వెలుగులు ఒకదానికొకటి సంబంధం లేకుండా నిలబడతాయి. పూర్తిగా ఆరాక పెద్ద నీడ: గోడ, కోటు, మొహంలో చీకటివైపు అన్నీ కలిపి ఒకే ఆకారంగా, మధ్యలో కుంచె ఎత్తకుండా. మొహానికో నీడ, కోటుకో నీడ, గోడకో నీడ అని విడదీసి వేసిన ప్రయత్నంలో ప్యానెల్ అతుకుల బొంతలా వచ్చింది. నీడలో అంచులు పోవాలి. పోయిన అంచును చదువరి తనంతట తాను పూరించుకుంటాడు, సగం నువార్ ఆ పూరించుకోవడంలోనే ఉంది.

మూడో పూతలో చిక్కటి చీకట్లు: ముక్కు కింద, కోటు మడతలో, బల్ల కింద. మొత్తం విస్తీర్ణంలో పదోవంతు దాటనివ్వకూడదు. నాలుగో పూత వేయాలనిపిస్తుంది. వేయొద్దు. మూడు పూతలు దాటితే కింది రంగు కరిగి పైకి లేచి బురదవుతుంది.

అల్ట్రామెరైన్ గురించి ఒక హెచ్చరిక. ఆ రంగు రేణువులు బరువైనవి, కాగితపు గుంటల్లో దిగి ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి. పాత గోడకు అది వరం. బొచ్చుకు శాపం, పిల్లికి గజ్జి పట్టినట్టు ఉంటుంది. మొహం మీద చల్లటి చీకటికి అల్ట్రామెరైన్ తీసేసి ఫ్తాలో బ్లూ, బర్న్ట్ సియెన్నా కలపాల్సి వచ్చింది. అయితే ఫ్తాలో కాగితాన్ని పట్టేస్తుంది, తడి కుంచెతో మళ్లీ ఎత్తలేం. కాబట్టి మొహం మీద వేసే ప్రతి మచ్చా ముందు పక్కకాగితం మీద పరీక్షించాకే.

వానాకాలంలో ఈ పని చేసేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. గాలిలో తేమ ఎక్కువుంటే పూత పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. అరచేతి వెనకభాగం ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఆరలేదు. ఆరకుండా రెండో పూత పెడితే నీళ్లు రంగును నెట్టుకుంటూ పోయి అంచు పువ్వులా విచ్చుకుంటుంది. కోస్తాలో జులైలో పూతకూ పూతకూ మధ్య ముప్పావు గంట ఇచ్చినా చాలకపోవచ్చు. హెయిర్‌డ్రయర్ వాడితే అడుగు దూరంలో, ఒకేచోట నిలపకుండా. దగ్గరగా పెడితే గాలి తడిరంగును తోసి గీతలు పడతాయి.

మొత్తం 9 కాగితాలు పాడయ్యాయి, పదోది నిలిచింది. ఒక ఆల్బమ్‌లో ఇలాంటి ప్యానెళ్లు వందల్లో ఉంటాయి. ఐదేసి, ఎనిమిదేసి సంవత్సరాల ఎడం ఎందుకు పడుతుందని అడిగే అభిమానులు ఒక్క ప్యానెల్ ఇలా వేసి చూస్తే సరిపోతుంది.

విడత 5: బుడగలో తెలుగు

మాట నడకను పరీక్షించడానికి మొదటి ఆల్బమ్ ఆరంభంలో నాలుగు పేజీల మాటలు తెలుగు చేశాం. అభ్యాసం కోసమే, బయట పెట్టేది కాదు.

బ్లాక్‌సాడ్ కథ చెప్పేది తన గొంతుతోనే, పెట్టెల్లో. ఇక్కడ తెలుగుకు ఒక సుఖం ఉంది. వెళ్లాను, చూశాను అంటే చాలు, నేను అన్నది క్రియలోనే ఉంది. పెట్టెలు కురచవుతాయి, గొంతు బరువెక్కుతుంది. నేను అని పదేపదే రాసిన మొదటి ప్రతిలో డిటెక్టివ్ గొప్పలు చెప్పుకుంటున్నట్టు వినిపించింది. అవన్నీ కొట్టేయగానే మనిషి అలసట తెలిసింది.

చిక్కల్లా స్మిర్నోవ్‌తో. నువ్వా, మీరా తేల్చకుండా ఒక్క బుడగ కూడా నిండదు. కమిషనర్ నువ్వు అంటాడు, అందులో సందేహం లేదు. బ్లాక్‌సాడ్ మీరు అంటాడు, ఆఫీసులో కమిషనర్ గారూ అని కూడా. చివర్లో ఇద్దరూ ఒకే తప్పులో భాగస్తులయ్యాక ఏమనాలి? నువ్వులోకి దింపితే స్నేహం వచ్చేస్తుంది, అక్కడ ఉన్నది స్నేహం కాదు. మీరు ఉంచి, గారూ మాత్రం తీసేశాం. ఆ తీసేయడంలోనే వాళ్ల మధ్య మారినది వినిపిస్తుంది.

అక్షరాల సంగతి. ఫ్రెంచి అచ్చులో బుడగలన్నీ పెద్దక్షరాలు, పైకీ కిందికీ పొడుచుకొచ్చేవి తక్కువ. మనకు పైన గుడులు, కింద వత్తులు. స్త్రీ, రాష్ట్రం లాంటి మాటలు పక్కపక్క వరసల్లో పడితే ఢీకొంటాయి. 9 పాయింట్ల అక్షరానికి 13.5 పాయింట్ల వరస దూరం పెడితే తగవు తీరింది. అంటే ఫ్రెంచిలో నాలుగు వరసలు పట్టే బుడగలో మూడే పడతాయి, మాట కుదించక తప్పదు. పొడుగాటి మాటలు బుడగ నడుములో, పొట్టివి పైనా కిందా వచ్చేలా వాక్యం తిరగరాయాలి. మాటను అడ్డగీతతో విరిచి కింది వరసకు దించడం తెలుగు కన్నుకు పడదు. అంచుకూ అక్షరానికీ మధ్య కనీసం 2.5 మిల్లీమీటర్లు.

ఫాంట్లలో మాటలకు మండలి, అరుపులకు లక్కిరెడ్డి పెట్టి చూశాం. లక్కిరెడ్డి చేతిరాతలా ఉన్నా చిన్న సైజులో వత్తులు మూసుకుపోతాయి, 14 పాయింట్లకు తక్కువ వద్దు. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ పెట్టకపోతే వత్తులు విడిపోయి పొల్లులతో పడతాయి. అచ్చుకు వెళ్లేముందు ప్రతి బుడగా కంటితో చూడాల్సిందే.

విడత 6: మిగిలిన ఆల్బమ్‌లు, మిగిలిన పని

మిగతా పుస్తకాలకు థంబ్‌నెయిళ్లు (మొదటి విడతలోని చిన్న గడి బొమ్మలు) మాత్రమే అయ్యాయి, కాబట్టి పొడిపొడిగా. 2005 నాటి మూడోదానిలో కథ ఎక్కువ, చోటు తక్కువ. అణుబాంబు, ఎర్రభయం (కమ్యూనిస్టులంటే భయం), ప్రేమ అన్నీ ఒకే ఆల్బమ్‌లో కుక్కారు, పేజీకి ప్యానెళ్లు పెరిగి బొమ్మకు ఊపిరాడలేదు. 2010లో వచ్చిన నాలుగోది న్యూ ఆర్లియన్స్‌లో, పియానో వాయించే సెబాస్టియన్ ఫ్లెచర్ చుట్టూ. కాలం ముందుకూ వెనక్కూ ఊగుతుంది, దారి తప్పకుండా పట్టుకున్నది ఉత్సవం రంగులే. 2013లో ఐదోది, అమరిల్లో అనే ఆల్బమ్, చీకటిని వదిలి ఎండలోకి, పసుప్పచ్చ కారులోకి వచ్చింది. స్పెయిన్ జాతీయ కామిక్ పురస్కారం 2014లో దానికే దక్కింది. మా మూడు ఛాయల షీటు మీద అది మిగతా వాటి పక్కన వేరే వరసలా కనిపిస్తుంది: కాగితం తెలుపు ఒక్కసారిగా పెరిగింది, నల్లపిల్లి వెలుగులో మచ్చలా నిలబడ్డాడు, ఇంతకాలం తెల్ల మూతి చేసిన పనిని ఇప్పుడు నల్ల ఒళ్లు చేస్తోంది. 2021, 2023లలో రెండు భాగాలుగా వచ్చిన న్యూయార్క్ కథ తొలిసారి రెండు ఆల్బమ్‌ల చోటు తీసుకుంది. వంతెనలు, రోడ్లు కట్టించే సాలమన్ మీద కోపం నిదానంగా పేరుకోవడానికి ఆ చోటు అవసరమైంది.

తర్వాతి పని అమరిల్లోలోని పగటి ప్యానెల్ ఒకటి పెట్టుకుని నాలుగో విడత మళ్లీ చేయడం. ఎండలో నల్లబొచ్చు, వెనక పసుప్పచ్చ కారు. కాగితం రాత్రే బల్లకు అంటించాం. ఓకర్ తొలిపూత ఈసారి పనిచేయదు, ఆకాశం వైపు మురికి పడుతుంది. దాని బదులు అలిజరిన్‌ను బాగా పలచన చేసి వేసిన రెండు ముక్కలు కిటికీ దగ్గర ఆరుతున్నాయి. మొదటిది గులాబీ వైపు ఎక్కువగా పోయింది, రెండోదాంట్లో చిటికెడు ఓకర్ కలిపాం.